తాతగారి త్రీ నాట్ త్రీ: ముద్రలు చెరపకండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు
సమాధానాలు: సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల సంరక్షణ, మరమ్మతు చూసేవాడిగా పనిచేసి, విశాఖపట్నంలో స్థిరపడిన మాజీ సైనికుడు

ప్రశ్న: మా తాతగారు పోలీసు శాఖలో పనిచేశారు. ఆయన పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన రైఫిల్ దొరికింది. బోల్టు పిడి వెనక ఇనుప పట్టీ మీద కిరీటం, జి.ఆర్.ఐ., ఇషాపూర్, 1942 అని చెక్కి ఉన్నాయి. టెక్సాస్‌లో పౌరసత్వం తీసుకున్న మా అన్నయ్య ఇలాంటివే కొని బాగుచేసుకుంటాడు. తుప్పు గీకి, చెక్కకు పాలిష్ పెట్టించి హాల్లో తగిలించమంటున్నాడు. చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: అమ్మా, దాన్ని ఉన్నచోటే ఉంచండి. గీకవద్దు, బోల్టు (తూటాను లోపలికి తోసే ఇనుప కడ్డీ) లాగి చూడవద్దు, కారులో వేసుకుని ఎక్కడికీ తీసుకెళ్లవద్దు. లోపల తూటా ఉందో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ముందు ఆ గదికి తాళం వేసి, తరువాత ఈ జవాబు చదవండి.

మీరు రాసిన గుర్తులను బట్టి అది లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3, మనవాళ్లు తూటా కొలత (.303 అంగుళం) పేరుతో త్రీ నాట్ త్రీ అనేది. పది తూటాల మేగజీన్, సుమారు నాలుగు కిలోల బరువు. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని తయారుచేసింది. స్వాతంత్ర్యం తరువాత అదే ఫ్యాక్టరీ బ్రిటిష్ రాజు గుర్తులైన కిరీటం, జి.ఆర్.ఐ. తీసేసి అశోక సింహాలను ముద్రించింది. మీ రైఫిల్ పుట్టిన 1942లోనే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో అప్పటి బాంబు ఒకటి ఉంది, చూసే ఉంటారు. ఆ కాలపు వస్తువు ఒకటి మీ అటక మీద దొరికిందంటే నాకు ఒళ్లు జలదరించింది.

అందుకే గీకవద్దని అంత గట్టిగా చెబుతున్నాను. సేకర్తలు రైఫిల్‌ను మెరుపు చూసి కొనరు, ముద్రలు చూసి కొంటారు. బ్యారెల్ (గొట్టం) మీద, బోల్టు మీద, బోల్టు కదిలే ఇనుప గూడు రిసీవర్ మీద ఒకే నంబరు ఉందా? మధ్యలో ఎవరైనా బోల్టు మార్చారా? చెక్కలో తనిఖీ అధికారి కొట్టిన గుర్తు మిగిలిందా? ఉప్పు కాగితం ఒక్కసారి తగిలితే ఇవన్నీ పొడిగా రాలిపోతాయి. ఒక ఇంట్లో చూశాను, చెక్కను వడ్రంగి చేత చిత్రిక పట్టించి, వార్నిష్ వేయించి, ఎంతో మురిపెంగా చూపించారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అసలైన పునరుద్ధరణ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం. చట్టం కూడా ఇక్కడ నా పక్షమే. ఆయుధ చట్టం సెక్షన్ 8 ప్రకారం తుపాకీ మీది నంబరునూ గుర్తులనూ చెరపడం నేరం.

ఇక మీ అన్నయ్య సంగతి. ఆయన చేస్తున్నది అక్కడ సక్రమమే. అమెరికా ఫెడరల్ చట్టం 1898 వరకు తయారైన తుపాకీలను పురాతన వస్తువులుగా చూస్తుంది. యాభై ఏళ్లు దాటిన సైనిక రైఫిళ్ల సేకర్తలకు ప్రత్యేక లైసెన్సు కూడా ఉంది, మూడేళ్లకు ముప్ఫై డాలర్లు. రాష్ట్రాల నిబంధనలు వేరేగా ఉంటాయి. బ్రిటన్‌లో ఇదే త్రీ నాట్ త్రీకి పోలీసుల ఫైర్ఆర్మ్ సర్టిఫికెట్ తప్పనిసరి. పేల్చడానికి వీల్లేకుండా చేయించి, తుపాకీలను పరీక్షించే ప్రూఫ్ హౌస్ ధ్రువపత్రం తెచ్చుకుంటే మాత్రం గోడకు తగిలించుకోవచ్చు.

మన దేశంలో దారి వేరు. 1959 ఆయుధ చట్టం కింద త్రీ నాట్ త్రీ నిషేధిత బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత), ఎందుకంటే అది సైనిక తూటాను పేల్చగలదు. నగరంలో లైసెన్సులిచ్చే పోలీసు కమిషనర్ కూడా దీనికి లైసెన్సు ఇవ్వలేరు, కేంద్ర హోం శాఖే ఇవ్వాలి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తరువాత ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా జైలు. మామూలు పౌరుడికి ఏ తుపాకీ అయినా రెండుకు మించి ఉండకూడదన్నదీ ఆ సవరణే. అమెరికాలో గదినిండా సేకరించే సరదా ఇక్కడ కుదరదు.

'పాత సామాను కదా, లైసెన్సు అక్కరలేదు' అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. సెక్షన్ 45లో అలాంటి మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ మరమ్మతు చేసినా పేలనంతగా పాడైన ఆయుధానికే అది వర్తిస్తుంది. లీ ఎన్‌ఫీల్డ్ మొండి ఘటం, పైన తుప్పు పట్టినంత మాత్రాన చచ్చిపోదు. పేలుతుందో పేలదో మీరో నేనో తేల్చేది కాదు, అధికారిక నిపుణుడు తేల్చాలి. ఆటోనగర్‌లో లేత్ మిషను వాళ్లకు ఇవ్వడమూ వద్దు, లైసెన్సు లేకుండా తుపాకీ బాగుచేయడం వాళ్లకూ నేరమే.

ఈరోజే ఒక న్యాయవాదిని కలవండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా దొరికిందో రాసి, ఆయన ద్వారా స్టేషనుకు ఇచ్చి, పోలీసులనే ఇంటికి వచ్చి తీసుకెళ్లమనండి. నంబరుతో సహా రసీదు తీసుకోండి. తాతగారి కాగితాల్లో పాత లైసెన్సు ఏమైనా ఉందేమో వెతకండి. ఉంటే వారసులుగా దరఖాస్తు చేసుకునే వీలుంది, నిషేధిత బోరు కాబట్టి ఆశలు పెద్దగా పెట్టుకోవద్దు. అధికారుల అనుమతితో ఏదైనా మ్యూజియానికి ఇప్పించగలిగితే మాత్రం, తాతగారి వివరాలు కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నా మనసుకు నచ్చే దారి అదే.

ప్రశ్న: మా అబ్బాయి హెచ్1బి వీసా మీద డాలస్‌లో ఉన్నాడు. పాత మిలిటరీ రైఫిల్ కొని సెలవులకు వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: రెండూ వద్దని చెప్పండి. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండకూడదన్నది అక్కడి ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి పేరుతో కొనిపిస్తే అది ఇంకో నేరం. ఇక అనుమతి లేకుండా సామాన్లలో ఇక్కడికి తెస్తే విమానాశ్రయంలోనే అరెస్టవుతాడు. ఆసక్తి నిజమైనదైతే అక్కడి మ్యూజియాలు చూడమనండి, ముద్రలు చదవడం నేర్చుకోమనండి. దానికి ఏ లైసెన్సూ అక్కరలేదు.

ప్రశ్న: నాకు లైసెన్సున్న పాత డబుల్ బ్యారెల్ ఉంది. ఎంత తుడిచినా తుప్పు చుక్కలు వస్తున్నాయి.
– భీమిలి పాఠకుడు

జవాబు: అది సముద్రపు గాలి. తోలు సంచిలో, గుడ్డ సంచిలో పెట్టి ఉంచవద్దు, అవి తేమను పట్టి ఉంచుతాయి. ముట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు తుడిచి, పలుచగా నూనె పట్టించండి. చెక్కకు వార్నిష్ కాకుండా మరగించిన అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేత్తో రుద్దండి. నూనె తుడిచిన గుడ్డను ముద్దగా చుట్టి పారేయవద్దు, దానంతట అదే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి ఆరుబయట పరిచి ఆరబెట్టండి. లోపలి తుప్పుకు మాత్రం లైసెన్సున్న ఆయుధాల దుకాణానికే తీసుకెళ్లండి, లైసెన్సు పుస్తకం వెంట ఉంచుకోండి.