ఒకసారి నకలైన డీఎన్ఏ మళ్లీ ఎందుకు నకలు కాదు?

ప్రశ్న: కణం విభజన చెందే ముందు డీఎన్ఏ ప్రతికృతి వేలాది చోట్ల మొదలవుతుందని చదివాను. మరి ఏ భాగం నకలు పూర్తయిందో, ఏది మిగిలి ఉందో కణానికి ఎలా తెలుస్తుంది?

జవాబు: నకలైన భాగాల లెక్కను కణం ఎక్కడా రాసి పెట్టుకోదు. నకలు తీయడానికి అనుమతి ఇచ్చే సమయాన్నీ, ఆ అనుమతిని వాడుకునే సమయాన్నీ వేరుచేసి ఉంచుతుంది, అంతే. కణ జీవశాస్త్రంలో ఇంతకంటే పొందికైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

ఈ సంగతికి తొలి ఆధారం 1970లో పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ చేసిన ప్రయోగంలో దొరికింది. డీఎన్ఏను నకలు తీస్తున్న, అంటే ఎస్ దశలో ఉన్న హీలా కణాన్ని (ప్రయోగశాలలో పెంచే మానవ క్యాన్సర్ కణాన్ని), ఇంకా ఆ పని మొదలుపెట్టని జీ1 దశ కణంతో వారు కలిపివేసినప్పుడు, జీ1 కేంద్రకం గడువుకు ముందే ప్రతికృతికి దిగింది. అదే ఎస్ దశ కణాన్ని నకలు ముగించుకున్న జీ2 కణంతో కలిపితే మాత్రం, పక్కనే పని జోరుగా సాగుతున్నా జీ2 కేంద్రకం కదల్లేదు. పురికొల్పే పదార్థాలు అందుబాటులో ఉన్నా స్పందించలేదంటే, తేడా ఆ కేంద్రకంలోనే ఉందన్నమాట.

ఆ తేడా ఏమిటో ఇప్పుడు తెలుసు. జీ1 దశలో సైక్లిన్‌పై ఆధారపడే కైనేజ్‌ల (సైక్లిన్ అనే ప్రోటీన్ జతకలిస్తేనే పనిచేసే ఎంజైమ్‌ల) చురుకుదనం తక్కువగా ఉన్నప్పుడు, ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1 ప్రోటీన్లు కలిసి నకలు మొదలయ్యే ఆరంభ స్థానాల వద్ద డీఎన్ఏ చుట్టూ ఎంసీఎం అనే ఉంగరాలను జంటగా తొడుగుతాయి. నేను చెప్పిన అనుమతి ఇవే. అవి అక్కడ నిశ్చలంగా ఉంటాయి. కైనేజ్‌ల చురుకుదనం పెరిగాక, అంటే ఎస్ దశలో, ఆ ఉంగరాలు మేల్కొని పేటలను విడదీస్తూ చెరో దిక్కుకు సాగిపోతాయి. వెనుక మిగిలిన చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో కొత్త ఉంగరాన్ని తొడగనివ్వకుండా అడ్డుపడేది కూడా అవే కైనేజ్‌లు. పైగా జెమినిన్ అనే ప్రోటీన్ సీడీటీ1ను పట్టి ఉంచుతుంది. విభజన చివరలో సైక్లిన్లు, జెమినిన్ విచ్ఛిన్నమయ్యాకే ఉంగరాలు తొడిగే అవకాశం మళ్లీ వస్తుంది.

ఈగల లార్వాల లాలాజల గ్రంథుల్లో ఒక్కో క్రోమోజోముకు వెయ్యికి పైగా ప్రతులు పేరుకుంటాయి కదా అని మీరు అడగవచ్చు. అక్కడ కూడా ఈ నియమం చెదరలేదు. మధ్యలో విభజన లేకపోయినా కైనేజ్‌ల చురుకుదనం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. తగ్గిన ప్రతిసారీ కొత్త ఉంగరాలు చేరతాయి, పెరిగిన ప్రతిసారీ ఒక్క నకలే జరుగుతుంది.