రాజీనామా రాసే ముందు ఒక నోటుబుక్కు కొను

చిరంజీవి బిడ్డకు,

చిన్నమ్మ దీవెనలు. సద్దుల బతుకమ్మకు ఇంటికొచ్చినప్పుడు "ఈ జాబ్ నాతోని కాదు చిన్నమ్మా, మానేస్త" అన్నవు. ఎందుకు బిడ్డా అంటే "అంతా విసుగొచ్చింది" అన్నవు. చేతిల సర్వపిండి ముక్క అట్లనే ఉంది. అంచులు విరిచి విరిచి పళ్లెంల పొడి చేసినవు గాని నోట్ల పెట్టుకోలే. ఇంటినిండ చుట్టాలు, నేను ఇంకేం అడగలే. అందుకే ఈ ఉత్తరం.

ఆ "అంతా" అన్న మాట దగ్గరనే ఆగిన. ఎనుమాముల దిక్కు పత్తి మిల్లుల 24 ఏండ్లు జీతాల లెక్కలు, పీఎఫ్ కాయితాలు నేనే చూసిన గద. మానేసే మనిషి ఆఖరుకు వచ్చి కూసునేది నా టేబుల్ ముందటనే. రాజీనామా కాయితంల "సొంత కారణాల వల్ల" అని ఉండేది. నోటితో "జీతం సాల్తలేదమ్మా" అనేటోళ్లు. సంతకాలైనంక, చాయ తాగుకుంట, "ఆ రోజు సారు నన్ను అందరి ముందట అట్ల అనకపోతే పోకపోదును" అనేటోళ్లు. అసలు మాట చాయ దాకా బయటికి రాకపోయేది. అప్పటికి చెయ్యడానికి ఏముంటది?

నా సంగతి నీకు ఎన్నడూ చెప్పలే. మిల్లుకు రాకముందు హన్మకొండల ఒక ఆఫీసుల చేసిన. 1998ల ఒక ఎంట్రీ తప్పు పడ్డదని మేనేజరు నలుగురి ముందట రిజిస్టరు నా టేబుల్ మీదికి విసిరిండు. తెల్లారే రాజీనామా ఇచ్చిన. మర్యాద లేని చోట ఉండనన్న. మిల్లుల మర్యాదకు లోటు లేదు, జీతం కూడ ఎక్కువే. అయినా ఆరు నెలలకు మళ్లా అదే కథ. పొద్దున లేస్తే డ్యూటీకి కాళ్లు పడకపోయేవి. అప్పుడు కూసోని ఆలోచిస్తే తెలిసింది. ఆ ఏడాదంత మా అత్తమ్మ మంచంల ఉండె. రాత్రి రెండింటికోసారి, నాలుగింటికోసారి లేవాలె. నాకు కావాల్సింది వేరే ఆఫీసు కాదు, నిద్ర. వారంల రెండు రాత్రులు వచ్చి పండుకొమ్మని మా ఆడబిడ్డను అడిగితే అయిపోవు. అది అడగడానికి నోరు రాక ఆఫీసు మార్చుకున్న. మేనేజరు చేసింది తప్పే, అందుల మాట లేదు. కాని కంటినిండ నిద్ర ఉన్న మనిషినైతే ఆ రిజిస్టరు ఎత్తి అల్మారల పెట్టి, మధ్యాహ్నం పోయి ఆయనతోనే మాట్లాడుదును.

అందుకని ఒక పని చెయ్యి. ఇరవై రూపాయల నోటుబుక్కు ఒకటి కొనుక్కో. ఫోన్ల వద్దు, చేతితో రాయి. "మానేయాలె" అని మనసుల అనిపించిన ప్రతిసారి తారీఖు, టైము, దానికి కొంచెం ముందు ఏం జరిగిందో ఒక్క లైను రాసుకో. కారణం రాయకు. కారణం రాయబోతే మనకు మనమే అందంగ చెప్పుకుంటం. జరిగింది జరిగినట్టు రాయి: "రాత్రి 11, క్లయింటు కాల్ మూడోసారి", అంతే. పని చేస్తుంటే టైము తెలువని రోజు వస్తే అది కూడ రాయి. ఒక నెల.

నెల తర్వాత చదువు. అన్నీ ఆదివారం సాయంత్రం కాజీపేట ప్లాట్‌ఫారం మీద రాసినవే ఉన్నయనుకో, నీ బాధ ఆఫీసు కాదు, అమ్మానాన్నలను ఇడిసి పోవుడు. అటువంటప్పుడు పుణెల జీతం నలభై శాతం పెంచుతమంటే అది మందు కాదు. ఇంటి దగ్గరి మడికొండ ఐటీ పార్కుల ఏమున్నదో, ఇంటి నుంచి పని ఇస్తరో ముందు అడుగు. ఒక్క మనిషితో మీటింగు అయినప్పుడల్లా రాసినవంటే, టీం మార్చమని అడిగి చూడు. ఏ మీటింగూ లేకుండ, ఎవ్వరూ ఏమనకుండ, నిమ్మళంగ పని చేస్తుండంగనే అనిపిస్తున్నదనుకో, అప్పుడు నిజంగనే ఆ పని నీది కాదు. నేనే సాగనంపుత.

ఇంకొకటి, ఇది నిన్ను నొప్పిస్తదేమో. పోయిన నెల పెళ్లిల నీ దోస్తు బంతిల కూసోని తన ప్యాకేజీ చెప్పిండు. నీ మొఖం చూసిన. తోటోడు తొడ కోసుకుంటే మనం మెడ కోసుకునుడు మన ఇండ్లల్ల కొత్త కాదు. ఆశ తప్పు కాదు బిడ్డా, కాని నీ జీతం ఎంతనో ఎవ్వరికీ చెప్పరాదని ఒట్టు పెడితే కూడ ఆ జాబ్‌కు పోతవా? రాత్రి పండుకున్నప్పుడు ఒక్కసారి అడుగుకో.

జీతం ఆపే చోట, చెయ్యి వేసే చోట, దొంగ లెక్క రాయమనే చోట ఈ నోటుబుక్కు ముచ్చట లేదు. ఆ రోజే లేచి రా.

అసుంటి చోటు కాకపోతే మాత్రం, ఆఫర్ లెటర్ చేతికి రానిదే రాజీనామా కాయితం ఇయ్యకు. పాత పీఎఫ్ తీసుకొని ఖర్చు పెట్టకు, అదే యూఏఎన్ (మనిషికి ఒక్కటే ఉండే పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి మార్పించుకో. పింఛనుకు 10 ఏండ్ల సర్వీసు కావాలె, మధ్యల ఆ పింఛను పైసలు కూడ తీసుకుంటే లెక్క మళ్లా మొదటికొస్తది. పర్మినెంటు జాబ్‌ల గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే పైసలకు, 5 ఏండ్లు నిండాలె. బేసిక్, డీఏ కలిపి 30,000 అనుకో: దాన్ని 15తో గుణించి 26తో భాగించి, ఏండ్లతో గుణిస్తరు. 5 ఏండ్లకు 86,538 రూపాయలు. నేను 1998ల ఏడు నెలలు తక్కువుండంగ లేచొచ్చిన, ఒక్క రూపాయి రాలే. పైసల కోసం ఆగుమంటలేను. నెల రెండు నెలల్ల నిండేదుంటే మాత్రం కోపంల ఇడిసిపెట్టకు.

నువ్వు చేరింది ఏ తారీఖో అపాయింట్‌మెంట్ లెటర్‌ల చూసి ఫోన్ చెయ్యి, లెక్క నేను కడత. కార్తీక పున్నమికి వస్తవు గద, అప్పటికి నెల దాటుతది. నోటుబుక్కు పట్టుకరా. నాకు చూపియ్యకున్నా సరే, నువ్వు చదువుకుంటుంటే నేను పొయ్యి కాడ సర్వపిండి పెడుతుంట.

మీ చిన్నమ్మ
హన్మకొండ