మోటోక్రాస్ బూట్లతో పాదం మొద్దుబారుతోంది... పెద్ద సైజు తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 29. మూడేళ్లుగా వారాంతాల్లో మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద జంప్‌లతో సాగే బైక్ పందెం) నడుపుతున్నాను. నిరుడు జంప్ నుంచి దిగేటప్పుడు ఎడమ చీలమండ బెణికింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. అప్పటిదాకా కీలు లేని మెత్తటి బూట్లు వాడేవాణ్ని. ఇప్పుడు చీలమండ దగ్గర కీలు, లోపల విడిగా బూటీ (మెత్తటి లోపలి తొడుగు) ఉన్న గట్టి బూట్లు కొన్నాను. ఇరవై నిమిషాలు నడిపేసరికి పాదం పైభాగం మొద్దుబారుతోంది. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తిమ్మిరి. చీలమండ బయటి బొడిపె కందిపోతోంది. నడిస్తే మడమ లేస్తోంది. గేర్ లివర్ కాలికి సరిగా తెలియడం లేదు. వాడగా వాడగా సర్దుకుంటుందని కొందరు, ఒక సైజు పెద్దది తీసుకోమని కొందరు అంటున్నారు. నా పాదం కాస్త వెడల్పు. పాత బూట్లకే వెళ్లిపోనా?

జవాబు: పెద్ద సైజు వద్దు. పాత బూట్లకూ ఇప్పుడే వెళ్లకండి. మీరు చెప్పిన నాలుగు ఇబ్బందులకూ కారణాలు వేరు. మడమ లేవడం, లివర్ తెలియకపోవడం వాడకంతోనూ, బైక్ మీద చేసే చిన్న మార్పులతోనూ చాలావరకు పోతాయి. బొడిపె కందడం సరిచేసుకోదగ్గదే. తిమ్మిరిని మాత్రం సర్దుకుంటుందిలే అని వదిలేయకూడదు.

ముందు దాని సంగతి చూద్దాం. పాదం పైభాగంలో చర్మానికీ ఎముకకూ మధ్య కండ పెద్దగా ఉండదు. అక్కడే రక్తనాళం పక్కన డీప్ పెరోనియల్ అనే నరం వెళ్తుంది. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఉన్న కొద్దిపాటి జాగాకు స్పర్శ ఇచ్చేది ఈ నరమే. మీ తిమ్మిరి సరిగ్గా అక్కడే ఉందంటే పాదం మీద ఒకచోట ఒత్తిడి ఎక్కువైందని అర్థం. నాలుగు బకిల్స్ ఉండే బూట్లలో అన్నిటికన్నా కిందిది ఈ నరం మీదుగానే వెళ్తుంది. మడమ లేస్తోందని చాలామంది బిగించేది దాన్నే. దానివల్ల మడమ పెద్దగా ఆగదు, నరం మాత్రం నలుగుతుంది.

మడమను పట్టి ఉంచేది కింది నుంచి రెండో బకిల్. అది చీలమండ ముందు వంపు మీద పడి పాదాన్ని వెనక్కి, కిందికి నొక్కుతుంది. కాబట్టి బిగించే వరస మార్చండి. కుర్చీలో కూర్చుని కాలు బూటులో పెట్టాక మడమను నేలకేసి రెండు మూడుసార్లు తట్టండి. అన్ని బకిల్స్‌నూ వదులుగా తగిలించి, ముందు కింది నుంచి రెండోదాన్ని గట్టిగా బిగించండి. తర్వాత అన్నిటికన్నా కిందిదాన్ని పట్టీ కదలకుండా ఉండేంతవరకే బిగిస్తే చాలు. పై రెండింటినీ నిలబడి, మోకాలు కాస్త వంచి పెట్టుకోవాలి. కాలు చాపి పెట్టుకుంటే బండి మీద మోకాలు వంచినప్పుడు పిక్క కండ ఉబ్బి పట్టేస్తుంది. అరగంటకు పిక్కలు తిమ్మిరెక్కుతున్నాయనే వారిలో చాలామందికి కారణం ఇదే.

ఇప్పుడు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. అన్నిటికన్నా కింది బకిల్‌ను ఇప్పుడున్న చోటి నుంచి రెండు గాట్లు వదులు చేసి, స్టాండ్ వేసిన బైక్ మీద నడిపే భంగిమలోనే ఇరవై నిమిషాలు ఉండండి. తిమ్మిరి రాకపోతే తప్పు బకిల్‌ది. వస్తే బూటీ తీసి చూడండి. నాలుక మడతపడిందా? బూటీకి లేసు ఉంటే దాన్నీ బిగించి, పైన బకిల్‌నూ బిగిస్తున్నారా? అలాగైతే ఒకే చోట రెండు ఒత్తిళ్లు పడుతున్నట్టే. లేసును వదులుగా కట్టండి. రెండు జతల సాక్సులు వేసుకునే అలవాటుంటే మానేయండి, ఒకదాని మీద ఒకటి జరిగి మడతలు పడతాయి. మోకాలి దాకా వచ్చే, చెమటను పట్టి ఉంచని సింథటిక్ సాక్సు ఒక్క జత చాలు. అప్పటికీ తగ్గకపోతే లోపలి ఇన్‌సోల్ తీసి 2 నుంచి 3 మి.మీ. పలుచనిది వేయండి, పాదం పైన ఆ మేరకు జాగా దొరుకుతుంది.

ఇదంతా చేశాకా తిమ్మిరి వస్తోందంటే ఆ బూటు అచ్చు, అంటే దాన్ని తయారుచేసిన పాదం మూస, మీ పాదానికి పడదు. వెడల్పు సరిపోతోందో లేదో తేల్చుకోవడం తేలికే. ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి, సాక్సుతో దాని మీద నిలబడండి. మడమ వెనక అంచుకు ఆనాలి. పొడవైన వేలికి ముందు 8 నుంచి 10 మి.మీ. మిగలాలి. పాదం పక్కలకు కొద్దిగా ఒలికితే ఫర్వాలేదు. ఒక్కో వైపు 5 మి.మీ. దాటి ఒలికితే బూటు ఇరుకు. సాయంత్రం పూట, రెండు పాదాలకూ చూడండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, పైగా రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండటం అరుదు. ఇరుకని తేలితే అదే కంపెనీలో పెద్ద సైజుకు పోకుండా, అదే పొడవులో వేరే కంపెనీ అచ్చు వేసి చూడండి. సైజు పెంచితే వెడల్పు కొంచెమే పెరుగుతుంది, పొడవు మాత్రం బాగా పెరిగి మడమ మరింత ఆడుతుంది. అప్పుడు కాలు జారకుండా వేళ్లు ముడుచుకుని నడపాల్సి వస్తుంది. వేళ్ల గోళ్ల కింద రక్తం గడ్డకట్టి నల్లబడేది అలాంటి బూట్లలోనే. అంతకన్నా ముఖ్యం, బూటు ఎంత గట్టిదైనా లోపల పాదం ఖాళీలో మెలిపడితే చీలమండ బెణకక మానదు.

వెడల్పు పాదం వారు విడి బూటీ గురించి కూడా ఆలోచించాలి. బూటీ లోపలి జాగాలో కొంత తినేస్తుంది. దానికి బదులు చీలమండను అన్ని వైపులా పట్టి ఉంచుతుంది, విడిగా తీసి ఉతికి ఆరబెట్టుకోవచ్చు. ఆల్పైన్‌స్టార్స్ టెక్ 10లో ఇలాంటి బూటీ ఉంటుంది. సిడి క్రాస్‌ఫైర్ 3, గార్నే ఎస్‌జీ-12 బూట్లకు కీలు ఉంది గానీ విడి బూటీ లేదు. వీటిలో ఏది మేలని నన్నడిగితే, మీ మడమ ఏ దాంట్లో కదలకుండా కూర్చుంటే అదే అంటాను. ధర, పేరు ఆ తర్వాత.

ఇక బొడిపె కందడం. కీలు ఉన్న బూటు తలుపు బందులాగా ముందుకూ వెనక్కూ మాత్రమే వంగుతుంది, పక్కలకు వంగనివ్వదు. అలా పనిచేయాలంటే బూటు కీలు, మీ చీలమండ కీలు ఒకే వరసలో ఉండాలి. చీలమండ కీలు రెండు బొడిపెల కొసల మీదుగా వెళ్తుంది. బయటి బొడిపె లోపలిదానికన్నా కిందికీ, కాస్త వెనక్కీ ఉంటుంది. అందుకే పాదం బూటులో నాలుగైదు మిల్లీమీటర్లు కిందికి కూర్చున్నా ముందుగా రాసుకునేది బయటి బొడిపే. తిమ్మిరి లేకుండా ఇదొక్కటే ఉన్నవారు మడమ కింద 3 మి.మీ. ప్యాడ్ వేసి చూడవచ్చు. మీరు మాత్రం అది వేయకండి, పాదం పైకి లేచి బకిల్‌కు ఇంకా దగ్గరవుతుంది. 5 మి.మీ. మందం ఫెల్ట్‌ను (ఒత్తుగా అదిమిన ఉన్ని గుడ్డను) గుండ్రంగా కత్తిరించి, నడుమ బొడిపె పట్టేంత రంధ్రం చేసి సాక్సు కింద అంటించుకోండి. ప్యాడ్ బొడిపె చుట్టూ ఉండాలి. దాని మీదే పెడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బూటు విప్పిన 20 నిమిషాల్లో ఎరుపు పోతే భయం లేదు. గంటకూ పోకపోయినా, బొబ్బ లేచినా, మెత్తగా నీటి సంచిలా ఉబ్బినా అది తగ్గేదాకా ఆ బూట్లు వేసుకోకండి.

మడమ లేవడం గురించి మీరు అనుకున్నంత దిగులు అక్కర్లేదు. ఈ బూట్ల అడుగు భాగంలో పాదం వంపు దగ్గర గట్టి పలక ఉంటుంది. జంప్ నుంచి దిగినప్పుడు ఫుట్‌పెగ్ (బైక్ మీద పాదం ఆనించే పళ్ల కడ్డీ) పాదం వంపులోకి గుచ్చుకోకుండా కాపాడేది అదే. అడుగు వంగదు కాబట్టి నడిచేటప్పుడు మడమ కొంచెం లేచి తీరుతుంది. చూడాల్సింది నడకలో కాదు. పెగ్స్ మీద నిలబడి, మోకాళ్లు వంచి, ముందుకూ వెనక్కూ ఊగి చూడండి. అప్పుడూ వేలెడు మందం లేస్తుంటే బూటు పెద్దది.

కొత్త బూట్లను అలవాటు చేసుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. ఇంట్లో రోజుకు అరగంట తొడుక్కుని తిరగండి, సగం గుంజీళ్లు తీయండి, కూర్చుని లేవండి. ఆ తర్వాత ట్రాక్ మీద మొదటి రోజు పదిహేను నిమిషాల చొప్పున చాలు. త్వరగా మెత్తబడతాయని వేడినీళ్లలో నానబెట్టడం, ఓవెన్‌లో పెట్టడం చేయకండి. జిగురు ఊడుతుంది, ప్లాస్టిక్ వంకర పోతుంది.

లివర్ తెలియకపోవడానికి కారణం బూటు ముక్కు మందం. పాత బూటుకు కుదిరిన ఎత్తులో ఉన్న లివర్ కిందికి ఈ ముక్కు దూరదు. లివర్ బోల్టు విప్పి, షాఫ్ట్ మీది పళ్లలో ఒక పన్ను పైకి జరిపి మళ్లీ బిగించండి. వెనక బ్రేక్ పెడల్ ఎత్తు కూడా తప్పక చూడండి. గట్టి బూటులో చీలమండ అంతగా వంగక కాలు తెలియకుండానే పెడల్ మీద ఆని ఉంటుంది, బ్రేక్ రాసుకుంటూ వేడెక్కుతుంది.

రక్షణ మాటకొస్తే, గట్టి బూటు చేసే పని పెద్దదే గానీ దానికీ హద్దుంది. పాదం లోపలికి మెలిపడి బయటి లిగమెంట్లు తెగడం, పాదం పైకి మరీ ఎక్కువగా వంగిపోవడం, రాయి తగలడం, పాదం మీద బండి పడటం వంటి దెబ్బలను ఇది బాగా తగ్గిస్తుంది. ఎత్తు నుంచి పడి కాలు నిటారుగా నేలకు తగిలితే వచ్చే బలం మాత్రం మడమ నుంచి పైకే పోతుంది. మడమ ఎముక పైనుండే టాలస్ ఎముక, కాలి ముందు ఎముక టిబియా కింది కొస పగిలేది అలాంటప్పుడే. వాటిని ఏ బూటూ పూర్తిగా ఆపలేదు. మలుపులో చాపిన కాలు గాడిలో ఇరుక్కుని తిరిగిపోతే, చీలమండ దగ్గర ఆగిన మెలిక మోకాలి వైపు వెళ్లే అవకాశం ఉంది. కాబట్టి మార్కెట్లో దొరికే అన్నిటికన్నా గట్టి బూటే మంచిదని అనుకోనక్కర్లేదు. మోకాలి బ్రేస్ (మోకాలిని పట్టి ఉంచే గట్టి కవచం) వాడేవారు బూట్లు కొనేటప్పుడు దాన్ని వేసుకునే వెళ్లాలి. బ్రేస్ కింది అంచు బూటు పై అంచు మీద ఎక్కకూడదు.

కొనేముందు లోపలి లేబుల్ చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 13634 గుర్తు, దాని కింద నాలుగు అంకెలు ఉంటాయి. అవి వరసగా బూటు ఎత్తు, రాపిడికి ఓర్చుకోవడం, కోతకు ఓర్చుకోవడం, అడ్డంగా నొక్కితే నలగకపోవడం. ప్రతిదానికీ 1 లేదా 2 ఉంటుంది, 2 మెరుగు. చీలమండకు, కాలి ముందు ఎముకకు దెబ్బ తగలకుండా ఉండే రక్షణను విడిగా పరీక్షించి ఉంటే ఐపీఏ, ఐపీఎస్ అక్షరాలు కనిపిస్తాయి. మోటోక్రాస్‌కు ఈ రెండూ ఉన్నది తీసుకోండి. పాత బూట్లయితే మడమ కప్పును రెండు బొటనవేళ్లతో నొక్కి చూడండి. లోపలికి కుంగితే వాటి పని అయిపోయినట్టే. కీలు బోల్టులు వదులయ్యాయేమో, పెగ్ పళ్లకు అడుగు భాగం గాడి పడిందేమో కూడా చూడాలి.

మీ ఎడమ చీలమండ గురించి ఒక మాట. బెణుకు నొప్పి పోయినా ఆ కాలి బలం, నిలకడ వాటంతటవే పూర్తిగా రావు. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడండి. కుడికాలితో పోలిస్తే ఎడమకాలు ముందే తడబడుతోందా? ఒంటికాలి మీద మడమ ఎత్తడం ఇరవైసార్లకు ముందే ఆగిపోతోందా? రెంటిలో ఏదున్నా ఫిజియోథెరపిస్టు దగ్గర కనీసం ఆరు వారాల వ్యాయామం అవసరం. బూటు ఆ లోటు తీర్చదు. లోపల చీలమండ పట్టీ వేసుకునేట్లయితే పలుచటిది ఎంచుకుని, దాంతోనే బూటు కొలత చూసుకోండి.

మళ్లీ పడితే బూటు లాగేయకండి. ముందు బకిల్స్ అన్నీ తెరవండి. కాలు వంకర తిరిగి కనిపిస్తే బూటు ఉంచే ఆసుపత్రికి వెళ్లండి. నాలుగు అడుగులు వేయలేకపోయినా, బొడిపెల వెనక అంచునో కొసనో నొక్కితే నొప్పి పుట్టినా, చిటికెనవేలి వైపు పాదం మధ్యలో ఉబికిన ఎముక నొప్పెట్టినా ఎక్స్‌రే తప్పనిసరి. పిక్క రాయిలా బిగుసుకుని, దెబ్బకు మించిన నొప్పి నిమిష నిమిషానికీ పెరుగుతుంటే గంటలు లెక్కపెట్టకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఇప్పటి తిమ్మిరి బూటు విప్పిన మర్నాటికీ మిగిలి ఉంటే రెండు వారాలు ఆ బూట్లు వేసుకోవద్దు. అప్పటికీ ఉన్నా, బొటనవేలు పైకి ఎత్తడంలో బలం తగ్గినా న్యూరాలజిస్టును కలవండి. నర్వ్ కండక్షన్ పరీక్షలో నరం ఎక్కడ నలిగిందో తెలుస్తుంది.