గది చల్లబడకపోతే ఏసీ కొనేయడమేనా?

పాఠకుల ప్రశ్నలు. జవాబులు: బరంపురంలో ఏసీ, జనరేటర్ పనులు చేయించి రిటైరైన ఇంజనీరు

ప్రశ్న: మా యూనివర్సిటీ సర్వర్ రూము నేనే చూసుకుంటాను. ఆరు ర్యాకులు, రెండు టన్నుల స్ప్లిట్ ఏసీలు నాలుగు, 40 కేవీఏ యూపీఎస్‌లు రెండు ఉన్నాయి. ఏసీలన్నీ 18 మీద పెట్టినా పై అరల్లో సర్వర్లు వేడెక్కి అలారం కొడుతున్నాయి. మెయిన్ ప్యానెల్ 21 కిలోవాట్లు చూపిస్తోంది. యూపీఎస్‌లు రెండూ కలిపి 12 తీసుకుని 10 ఇస్తున్నాయి. పైవాళ్లు ఇంకో రెండు ఏసీలు కొందామంటున్నారు, మళ్లీ బిల్లు తగ్గించమనీ వాళ్లే అంటున్నారు. ఏం చేయమంటారు?
– సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ కొటేషన్ పక్కన పెట్టించండమ్మా. రీడింగులు రాసి పంపారు, చాలా సంతోషం. నాకొచ్చే ఉత్తరాల్లో సగం "బిల్లు ఎక్కువొస్తోంది" అని మాత్రమే ఉంటాయి.

సర్వర్లు తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. మీ సర్వర్ల వేడి 10 కిలోవాట్లు, యూపీఎస్‌లు మధ్యలో తినేసేది 2, వెరసి 12. ఒక టన్ను ఏసీ తోడేసే వేడి సుమారు మూడున్నర కిలోవాట్లు. అంటే మీకు కావలసింది మూడున్నర టన్నులు, ఉన్నవి ఎనిమిది. ఇంకో నాలుగు టన్నులు తెచ్చి ఏం చేస్తారు?

చల్లగాలికి కొదవ లేదు, అది సర్వర్ దాకా చేరడం లేదు. ర్యాకుల్లో ఖాళీ అరలుంటాయి కదా, వెనకాల వదిలిన వేడిగాలి వాటిలోంచి ముందుకొస్తుంది. పై సర్వర్లు దాన్నే మళ్లీ పీలుస్తాయి. నమ్మకం కుదరకపోతే టిష్యూ కాగితం సన్నగా చింపి ఖాళీ అర ముందు పట్టుకోండి. అది మీ మొహం వైపు ఎగిరితే వేడి వెనక్కి మళ్లుతున్నట్టే. అగరొత్తి మాత్రం వెలిగించకండి, స్మోక్ డిటెక్టర్ మోగితే సంజాయిషీ మీరే రాసుకోవాలి.

కాబట్టి మొదటి ఖర్చు బ్లాంకింగ్ ప్యానెళ్లకి, అంటే ఖాళీ అరల్ని మూసే పలకలకి. ఖాళీ అరలు, కేబుల్ కన్నాలు అన్నీ మూయించండి. ర్యాకుల్ని రెండు వరసలు చేసి మొహాలు ఎదురెదురుగా తిప్పించండి. ఆ మధ్య సందులోకి ఏసీల గాలి వచ్చేలా చూసి, రెండు చివర్లా మందపాటి పీవీసీ కర్టెన్లు దింపితే చలువ అక్కడే నిలుస్తుంది. ఈ పని సెలవుల్లో పెట్టుకోండి, ఫలితాలిచ్చే వారంలో వద్దు.

టెంపరేచర్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. థర్మామీటర్ గోడకి కాకుండా ప్రతి ర్యాకులో పై సర్వర్ ముందు కట్టండి. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే చాలని అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే 2008లోనే చెప్పింది. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ 24, 25 దగ్గర ఆగండి. 27 దాకా వెళ్లమని నేననను. మన వైపు కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ఏసీలు ఆగిపోతాయి, ఆ కాసేపటికి చలువ చేతిలో ఉండాలి. యూపీఎస్ బ్యాటరీలు పాడవుతాయన్న భయమైతే నిజమే, 25 దాటాక ప్రతి 10 డిగ్రీలకీ వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. వాటిని పక్కన చిన్న గదిలోకి మార్చి, ఒక చిన్న ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టండి. వాటి కోసం గదంతా మంచు చేయడం దండగ.

ఇంకోటి. ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి ఒక రోజు చూడండి. సర్వర్లకి చెమట పట్టదు కదా, ఆ నీళ్లన్నీ బయటి గాలివే. కారిన ప్రతి లీటరుకీ ఏసీ దాదాపు 0.7 యూనిట్ల వేడిని ఉత్తపుణ్యానికి తోడింది. బకెట్ నిండితే తలుపు కింద సందు, కిటికీ రెక్కలు వెతకండి.

యూపీఎస్‌లు ఒక్కోటీ ఎనిమిదో వంతు లోడు మీద నడుస్తున్నాయి, అందుకే అంత నష్టం. ఇప్పుడే పారేయక్కర్లేదు. బ్యాటరీలు మార్చాల్సిన ఏడాది వచ్చినప్పుడు, 10 కిలోవాట్ల మాడ్యూళ్లు (విడివిడిగా తీసి పెట్టుకునే భాగాలు) మూడు పట్టేది అడగండి. లైన్ కరెంటునే నేరుగా సర్వర్లకి పంపే ఎకో మోడ్ ఉందని అమ్మేవాళ్లు ఊరిస్తారు, మన లైన్ల వోల్టేజీకి అది నాకు నచ్చదు.

ఈలోగా ఎవరివో తెలియని పాత సర్వర్లు ఎన్నున్నాయో లెక్కతీయండి. ఖాళీగా ఉన్నా అవి కరెంటు లాగుతూనే ఉంటాయి. డిపార్టుమెంట్లకి నోటీసిచ్చి, ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకి, ఎవరూ అడక్కపోతే ఆపేయండి.

పైవాళ్లకి ఈ లెక్క చెప్పండి. ఇవన్నీ అయ్యాక 21 కాస్తా 15కి దిగిందనుకుందాం. ఏడాదికి 52,560 యూనిట్లు మిగులుతాయి. మొత్తం కరెంటుని సర్వర్ల కరెంటుతో భాగిస్తే వచ్చే పీయూఈ ఇప్పుడు 2.1, సర్వర్ల వాడకం 10 దగ్గరే ఉంటే అప్పుడు 1.5. అదీ వినకపోతే 2018లో తిత్లీ తుఫాను గుర్తుచేయండి. అలాంటి రోజుల్లో జనరేటర్‌కి అదే ట్యాంకు డీజిల్ ఇంకాస్త ఎక్కువసేపు వస్తుంది.

ప్రశ్న: మాది కోరాపుట్. చలికాలంలో కిటికీ తెరిచేసి ఏసీలు ఆపేయొచ్చా?

జవాబు: మీ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఆలోచించొచ్చు. పర్లాకిమిడి వాళ్లకైతే వద్దంటాను. కిటికీ మాత్రం తెరవకండి, దుమ్మూ పురుగులూ వస్తాయి. ఫిల్టరున్న ఫ్యాను, గాలి దారిని మూసే రెక్క, అదే డ్యాంపరు, పెట్టించండి. బయటి గాలి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారే టెంపరేచర్) 15 డిగ్రీలు దాటితే డ్యాంపరు మూసుకోవాలి, కాబట్టి వానాకాలమంతా ఏసీయే. వేడిగాలి వెళ్లడానికి పైన దారి వదలడం మర్చిపోవద్దు.

ప్రశ్న: ఏసీ బదులు ఎయిర్ కూలర్ పెడితే చవక కదా? – రాయగడ పాఠకుడు

జవాబు: కూలర్ చెమ్మని నేరుగా సర్వర్ల మీదికి ఊదుతుంది, బోర్డులు తుప్పు పడతాయి. ఇప్పటికే కొనేసి ఉంటే హాస్టల్‌కి ఇచ్చేయండి.