సముద్రంలో చెత్త తీసే డైవర్ అవుతాడట మా అబ్బాయి... ఏం చెప్పమంటారు?

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర మత్స్యకార పల్లె. మా ఆయన ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోటు మీద పని చేస్తారు. మా బాబుకి పదిహేడేళ్లు. శ్రీకాకుళంలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. విశాఖలో కొందరు డైవర్లు సముద్రం అడుగు నుంచి తెగిన వలలు, ప్లాస్టిక్ తీస్తున్న వీడియోలు ఫోన్లో చూసి, నేనూ అదే చేస్తానంటున్నాడు. సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర మునిగి వలల ముక్కలు తెస్తున్నాడు. తెలిసినాయన ఒకరు రెండు లక్షలు కడితే ట్రైనింగ్ ఇప్పించి గల్ఫ్‌లో డైవర్ ఉద్యోగం వేయిస్తానంటున్నారు. వాడు వాళ్ల నాన్నలా వలస పోకూడదనే చదివిస్తున్నాను. ఆపమంటారా, పంపమంటారా?

జవాబు: అమ్మా, ముందుగా రెండు పనులు చేయండి. ఆ రెండు లక్షలు కట్టకండి. బాబుని మొగ దగ్గర మునగొద్దని ఈ రోజే గట్టిగా చెప్పండి. అంతకుమించి వాడి కోరిక మీద కోపం తెచ్చుకోకండి. అది మంచి కోరిక. దాన్ని బతుకుతెరువుగా మార్చే దారి మాత్రం వాడు అనుకుంటున్నట్టు లేదు.

మొగ సంగతి మీతో కంటే బాబుతో మాట్లాడాలి. ఈ పేరా వాడికి చదివి వినిపించండి.

బాబూ, నీకు ఈత బాగా వచ్చని నాకు సందేహం లేదు. వంశధారలో పెరిగిన పిల్లాడివి. కానీ తెగిన వల దగ్గర ఈత పనికిరాదు. నీ తల పైన గాలి ఉంటుంది, కాలికి వల చుట్టుకుంటుంది. విడిపించుకోవాలని తన్నేకొద్దీ ఆ సన్నటి నైలాన్ దారం ఇంకా బిగుసుకుంటుంది. నీ దగ్గర ఉన్నది ఒక్క ఊపిరి, అంటే నిమిషమో నిమిషంన్నరో. సముద్రపు తాబేలు కూడా అలాగే చనిపోతోంది. అదీ గాలి పీల్చే ప్రాణే, పైకి వచ్చి ఊపిరి తీసుకోవాలి. వలలో చిక్కి పైకి రాలేక మునిగిపోతుంది. ప్రతి ఏడాది మన ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను నువ్వు చూసే ఉంటావు. పైగా మొగ దగ్గర నదీ ప్రవాహం, సముద్రపు పోటు ఎదురెదురుగా లాగుతుంటాయి, వానాకాలంలో బురద నీటిలో చేతిని చాపితే వేళ్లు కనబడవు. శిక్షణ పొందిన డైవర్లే అలాంటి రోజున నీటిలోకి దిగరు.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. ఊపిరి బిగబట్టి మునగడం అలవాటైన పిల్లలకు స్కూబా, అంటే వీపున సిలిండర్ కట్టుకుని అందులోని గాలి పీలుస్తూ మునగడం, నేర్పేటప్పుడు ఆ అలవాటే ప్రమాదం అవుతుంది. డైవర్ వీపు మీద ఉండేదాన్ని మనం ఆక్సిజన్ సిలిండర్ అంటాం గానీ, మామూలు స్కూబాలో అందులో ఉండేది మనం పీల్చే గాలే, ఒత్తిడి పెట్టి నింపుతారు. నీటిలో ప్రతి పది మీటర్లకు, ఒడ్డున మన మీద ఉండే గాలి ఒత్తిడి ఎంతో అంత చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల లోతున సిలిండర్ నుంచి నిండుగా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలికి పోయే దారి ఉండదు, ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. అందుకే స్కూబాలో మొదటి పాఠం ఒక్కటే: ఎప్పుడూ ఊపిరి ఆపకు. పైకి మెల్లగా రా, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న దాన్ని మరిచిపోవడం మొదటి నుంచి నేర్చుకోవడం కంటే కష్టం. దానికి గురువు కావాలి, ముందు స్విమ్మింగ్ పూల్ కావాలి, ఆ తరువాతే సముద్రం.

అమ్మా, ఇక మీతో. బాబు చూసిన వీడియోల్లో వాళ్లు దాదాపు అందరూ స్వచ్ఛందంగా చేస్తున్నవారే. కొందరికి ఉద్యోగాలు ఉంటాయి, కొందరు స్కూబా నేర్పే కేంద్రాల వాళ్లు. సెలవు రోజున సొంత ఖర్చుతో దిగుతారు. ప్రపంచమంతటా ఇదే పద్ధతి. 2011లో మొదలైన 'డైవ్ అగైనెస్ట్ డెబ్రీ' అనే కార్యక్రమంలో డైవర్లు తీసిన ప్రతి వస్తువునూ లెక్క రాసి పంపుతారు, ఎక్కడ ఏ చెత్త పేరుకుంటోందో ఆ లెక్కల వల్ల తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో 2009లో ఒక డైవర్ల బృందం తెగిన వలలు తీయడమే పనిగా పెట్టుకుంది, ఆ తరువాత అది ఎన్నో దేశాలకు పాకింది. అదంతా సేవ. నెల జీతం కాదు. ఈ విషయం బాబుకి స్పష్టంగా తెలియాలి. లేకపోతే రెండేళ్ల తరువాత నిరాశపడి, నచ్చిన పనినే తిట్టుకుంటాడు.

ఆ పని ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ మామగారి రోజుల్లో నూలు వలలు ఉండి ఉంటాయి. తెగి సముద్రంలో పోయినా కొన్నాళ్లకు కుళ్లిపోయేవి. నైలాన్ వల ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. రాళ్లకు పట్టుకుని, పట్టేవాడు లేకపోయినా చేపల్ని, పీతల్ని, తాబేళ్లని పడుతూనే ఉంటుంది. అందుకే వాటికి దెయ్యం వలలని పేరు. తిత్లీ లాంటి తుపాను వచ్చిపోయాక ఒడ్డున ఎన్ని బోట్లు విరిగి, ఎన్ని వలలు కొట్టుకుపోయాయో 2018 అక్టోబరులో ఉద్దానం తీరమంతా చూసింది. శ్రీకాకుళం జిల్లాకు దాదాపు 193 కిలోమీటర్ల తీరం ఉంది. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. పైన ఊళ్లలో పారేసినది వరదతో మొగ దాకా వస్తుంది. ఇంత తీరంలో అడుగున ఏముందో చూసి రాసేవాళ్లు బహుశా వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

కాబట్టి నా సలహా ఇది: డైవింగ్‌ను వాడి చదువుకి తోడుగా పెట్టండి, చదువు స్థానంలో పెట్టకండి. సముద్రం గురించి చదివిన చదువు ఒకటి ఉంటే, డైవింగ్ వచ్చిన మనిషికి విలువ పెరుగుతుంది. డైవింగ్ ఒక్కటే ఉంటే, టూరిస్టులను నీళ్లలోకి తీసుకెళ్లే సీజన్ పని దొరుకుతుంది, అంతకు మించి కష్టం.

బైపీసీ కాబట్టి మొదట చూడాల్సింది బీఎఫ్‌ఎస్‌సీ, అంటే మత్స్యశాస్త్రంలో నాలుగేళ్ల డిగ్రీ. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకుతో సీటు వస్తుంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో పాత కళాశాల ఉంది, నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం వచ్చింది. ర్యాంకు రాకపోతే జువాలజీ ఉన్న బీఎస్సీ చేసి, తరువాత ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవశాస్త్రం వైపు వెళ్లొచ్చు. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. చేపల నిల్వల మీద, తీరం మీద పని చేసే ఇలాంటి చోట్ల ప్రాజెక్టు ఉద్యోగాలు పడుతుంటాయి. నీటిలోకి దిగి నమూనా తీసుకురాగలిగిన అభ్యర్థి, పుస్తకం మాత్రమే చదివిన అభ్యర్థి ఒకటి కాదు. మత్స్యశాఖలో గ్రామ మత్స్య సహాయకుల పోస్టులు, తీర గ్రామాల్లో సాగరమిత్ర పని కూడా ఈ చదువులతోనే వస్తాయి. ఇవి ఊరు విడవకుండా చేసే పనులు. మీకు కావలసింది అదే కదా.

డిగ్రీ దాకా చదివే ఓపిక వాడికి లేదనిపిస్తే, విశాఖలోనే సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ మత్స్య, నౌకా శిక్షణ సంస్థ యూనిట్ ఉంది. పదో తరగతి అర్హతతో వెసెల్ నేవిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు రెండేళ్లు నేర్పుతారు. పెద్ద నౌకల మీద పనికి అది గట్టి పునాది. మత్స్యకార కుటుంబాల్లో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ, నాకు ఇది బాధ కలిగిస్తుంది. ఇంటి ముందు ఉన్న తలుపు తెరిచి ఉందని తెలియక వేరావల్ రైలు ఎక్కుతున్నారు.

డైవింగే ఉద్యోగంగా కావాలంటే నికరమైన దారి నౌకాదళం. అందులో చేరిన నావికుల్లోంచి ఎంపిక చేసి కొచ్చిలోని డైవింగ్ స్కూల్లో శిక్షణ ఇస్తారు. 2025 జులైలో విశాఖలో ఐఎన్‌ఎస్ నిస్తార్ అనే డైవింగ్ సహాయ నౌక సేవలో చేరింది, హిందూస్థాన్ షిప్‌యార్డులో కట్టినదే. అంటే ఆ రంగం పెరుగుతోంది. అయితే ఒక చిక్కు ఉంది. ఇంటర్ అర్హతతో తీసుకునే అగ్నివీర్ ఎస్ఎస్ఆర్ నావికుడి పోస్టుకి ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. బైపీసీ పిల్లాడికి అది కుదరదు. పదో తరగతి అర్హతతో తీసుకునే ఎంఆర్ అనే నావికుడి పోస్టుకు పోవచ్చు. అగ్నివీర్ నాలుగేళ్ల సర్వీసు, ఆ తరువాత నాలుగో వంతు మందినే కొనసాగిస్తారు. ఆ లెక్క తెలుసుకుని వెళ్లాలి. వరదల్లో సాయానికి వచ్చే జాతీయ విపత్తు దళం ఎన్డీఆర్ఎఫ్‌లో డైవర్లు ఉంటారు కదా అని కొందరు అడుగుతారు. అందులోకి నేరుగా తీసుకోరు, సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి బలగాల నుంచే డిప్యుటేషన్ మీద పంపుతారు.

గల్ఫ్ ఉద్యోగం గురించి. ఓడరేవుల్లో, చమురు బావుల దగ్గర నీటి అడుగున వెల్డింగ్ చేసే, తనిఖీ చేసే కమర్షియల్ డైవర్లు నిజంగానే ఉన్నారు, మంచి జీతాలు ఉన్నాయి. కానీ అది పూర్తిగా వేరే వృత్తి. పైనుంచి గొట్టం ద్వారా గాలి ఇస్తారు, వెల్డింగో ఫిట్టింగో ముందే చేతిలో ఉండాలి, కంపెనీలు ఒప్పుకునే సర్టిఫికెట్ ఉండాలి. నాలుగు రోజుల స్కూబా కార్డు అక్కడ పనికిరాదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఇలాగే ఒక మధ్యవర్తికి డబ్బు కట్టాడు. ఇచ్చింది విహారయాత్రికులకు ఇచ్చే మొదటి స్థాయి కార్డు. వాళ్లమ్మ పుస్తెలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బది. ఆమె నా ఎదుట కూర్చుని ఆ కార్డు చూపించిన రోజు నాకు ఇంకా గుర్తుంది. అందుకే మొదట్లోనే కట్టొద్దన్నాను.

మరి డైవింగ్ ఎప్పుడు నేర్చుకోవాలి? ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ అయ్యాక, ఈ వేసవిలో. రుషికొండ వైపు స్కూబా నేర్పే కేంద్రాలు ఉన్నాయి. మొదటి స్థాయిని ఓపెన్ వాటర్ అంటారు, పద్దెనిమిది మీటర్ల లోతు వరకు అనుమతి ఇస్తుంది. పదిహేడేళ్లకు మీ సంతకంతో చేరొచ్చు. రెండు వందల మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి. మీ బాబుకి అది లెక్క కాదు. చెవి నొప్పి, ఉబ్బసం, మూర్ఛ ఎప్పుడైనా ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పాలి, దాస్తే నీటి అడుగున బయటపడుతుంది. ఖర్చు పాతిక వేలు దాటుతుంది, విశాఖలో ఉండే ఖర్చు అదనం. అది మీకు చిన్న డబ్బు కాదని తెలుసు. అప్పు చేయకండి. ఈ వేసవి కాకపోతే వచ్చే వేసవి. నిజానికి చాలా కేంద్రాల్లో బోటు దగ్గర, సిలిండర్లు మోయడానికి మనుషులు కావాలి. సముద్రం తెలిసిన పిల్లాడు ముందు అక్కడ సాయంగా చేరి, ఫీజు తగ్గించమని అడిగితే తప్పు లేదు. చేరేముందు, శిక్షకుడి కార్డు చూపించమని అడగండి, పూల్‌లో ఎన్ని రోజులు నేర్పుతారో అడగండి. ఒక్క పూటలో సర్టిఫికెట్ ఇస్తామంటే లేచి వచ్చేయండి.

ఆ కార్డు వచ్చిన మరునాడే వల తీయడానికి వెళ్లకూడదు. కొన్ని పదుల డైవ్‌లు చేశాక, అనుభవజ్ఞుల పక్కన మొదలుపెట్టాలి. ఆ పనికి పద్ధతి ఉంది. ఇద్దరిద్దరుగా దిగుతారు. ఒకరు కోస్తుంటే రెండోవారు చూస్తుంటారు. వలను లాగరు, అంచు నుంచి ముక్కలుగా కోస్తారు. కత్తి ఒకటి పడిపోతుందేమోనని రెండోది పెట్టుకుంటారు. ఏడెనిమిది కిలోలు దాటిన బరువు చేత్తో పైకి తేరు, గాలి నింపే సంచి కట్టి లేపుతారు. పాత వల మీద జీవులు గూడు కట్టుకుని ఉంటే అక్కడే వదిలేస్తారు. ప్రాణంతో ఉన్న తాబేలు చిక్కి కనిపిస్తే అటవీశాఖకు చెప్పాలి, అది వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి.

ఈలోగా వాడు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. సెప్టెంబరు మూడో శనివారం ప్రపంచమంతటా తీరం శుభ్రం చేసే రోజు. కళింగపట్నం బీచ్‌లో స్నేహితులతో ఏరిన చెత్తను, వల ఎంత, సీసాలు ఎన్ని, పాకెట్లు ఎన్ని అని లెక్క రాయమనండి. ఆ అలవాటే రేపు పరిశోధనకు పనికొస్తుంది.

మీ ఆయన వేసవికి ఇంటికి వస్తారు కదా. ఆయన్ని కొడుకు పక్కన కూర్చోబెట్టండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మన ఊళ్లో పెద్దవాళ్లకు ఖాళీ ఉంటుంది. ఎక్కడ రాళ్లున్నాయి, ఏ చోట వలలు పట్టుకుని తెగుతాయి, ఒడ్డు నుంచి ఎంత దూరం, ఎంత లోతు అని అడిగి బాబు ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. విశాఖ నుంచి ఏ డైవర్ల బృందం ఇటు వచ్చినా మొదట అడిగేది అదే. ఆ నోట్‌బుక్, పది, ఇంటర్ మార్కుల మెమోలు పట్టుకుని పరీక్షలయ్యాక ఒక ఆదివారం ఇద్దరూ నా దగ్గరికి రండి.