వార్డులో "ఎందుకు" అని అడిగితే మా అబ్బాయి నోరు విప్పట్లేదు, పీజీ కోచింగ్‌లో వెయ్యాలా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివా. బాబు నీట్‌లో మంచి మార్కులతో సీటు తెచ్చుకున్నాడు, ఇప్పుడు థర్డ్ ఇయర్, సబ్జెక్టంతా నోటికొచ్చు, కానీ వార్డులో ప్రొఫెసర్ గారు "ఇదే జబ్బని ఎందుకనుకుంటున్నావ్, ఇంకోటి ఎందుకు కాకూడదు" అంటే బిగుసుకుపోతున్నాడు, ఇంటికొచ్చి నేను డాక్టర్ పనికి పనికిరానేమో అంటున్నాడు, ఇప్పట్నుంచే పీజీ కోచింగ్‌లో చేర్పిస్తే దారిలో పడతాడా అని కదా అడిగారు. వద్దమ్మా, ఇప్పుడే వద్దు.

బాబు తెలివికి ఏ లోటూ లేదు. ఇంటర్ రెండేళ్లూ వాడు చేసిందేంటి, నీట్‌లో 180 ప్రశ్నలు, ప్రతిదానికీ నాలుగు ఆప్షన్లు, అందులో ఒకటి కరెక్ట్, దాన్ని టక్కున పట్టుకోవడం. పేషెంట్ ఆప్షన్లు పట్టుకుని రాడు కదా.

వానాకాలంలో వారం రోజుల జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులతో ఒకాయన వచ్చాడనుకోండి, చేతిలో బయట ల్యాబ్‌లో చేయించిన వైడాల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష) రిపోర్టు, పాజిటివ్. చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోయి టైఫాయిడ్ అని రాసేస్తారు. కానీ ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లకీ, వేరే ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకీ కూడా వైడాల్ పాజిటివ్ రావచ్చు, ఆ ఒక్క కాగితంతో తేల్చెయ్యకూడదు. అదే మనిషి చంకలోనో గజ్జల్లోనో చిన్న నల్ల పెచ్చు ఉందేమో వెతికి చూడాలి, ఉంటే అది స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) అయ్యుండొచ్చు, దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కావాలి, టైఫాయిడ్ అనుకుని దానికి వాడే సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కిస్తూ కూర్చుంటే జ్వరం తగ్గదు, మనిషి చెయ్యి దాటిపోవచ్చు. మీవాడికి ఈ రెండు జబ్బుల గురించీ తెలిసే ఉంటుంది, కాకపోతే వేరే వేరే చాప్టర్లలో చదివాడు, రెండిటినీ ఒకే మంచం దగ్గర పక్కపక్కన పెట్టి చూడటం ఎవరూ నేర్పలేదు.

ఇంకోటి, బైపీసీ పిల్లలు పదో తరగతితోనే లెక్కలు వదిలేస్తారు, అది ఇక్కడ దెబ్బకొడుతుంది. 1000 మందిలో 10 మందికే జబ్బుంది, టెస్టు ఏమో జబ్బున్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ 90 శాతం కరెక్ట్‌గా చెప్తుంది అనుకుందాం. జబ్బున్నవాళ్లలో 9 మందికి పాజిటివ్, లేనివాళ్లలో 99 మందికి పాజిటివ్. అంటే పాజిటివ్ వచ్చిన 108 మందిలో నిజంగా జబ్బున్నది 9 మందికే! ఈ లెక్క వాడి చేత కాగితం మీద వేయించండి, ఆ తర్వాత రిపోర్టుని చూసే చూపే మారుతుంది.

2019 బ్యాచ్ నుంచి వచ్చిన కొత్త కరిక్యులంలో చిన్న గ్రూపుల్లో చర్చలు, ఫస్ట్ ఇయర్ నుంచే పేషెంట్లని చూపించడం ఇవన్నీ పెట్టారు, మంచిదే, కానీ నాతో మాట్లాడిన పిల్లల్లో చాలామంది మా దగ్గర అదీ లెక్చర్‌లాగే నడుస్తోంది అంటున్నారు, అందుకే కాలేజీ నేర్పేదాకా ఆగొద్దు.

రోజుకో కేసు చాలు. రిపోర్టులు చూడకముందే నోట్‌బుక్‌లో మూడు జబ్బులు రాసుకోమనండి, ఏది ఎందుకనిపించింది, ఏం కనిపిస్తే దాన్ని వదిలేస్తాను అని. ఆ రెండోది చాలా ముఖ్యం, మొదట తోచినదాన్నే పట్టుకుని వేలాడటం డాక్టర్లకి కూడా ఉండే అలవాటే. నాలుగు రోజుల తర్వాత వెళ్లి చివరికి ఏమని తేలిందో చూసుకుని, తప్పయితే ఏ ప్రశ్న అడగలేదో పక్కనే రాసుకోవాలి.

ఇంట్లో మీరు కూడా మార్కులెన్ని అనే బదులు ఇవాళ ఏ కేసు చూశావ్, ఇంకేమయ్యుండొచ్చు అని అడగండి. మీకు మెడిసిన్ తెలియకపోవడమే ఇక్కడ ప్లస్సు, మీకర్థమయ్యేలా చెప్పాలంటే వాడు ఆలోచించక తప్పదు. వార్డులో "నాకు తెలీదు సార్, కానీ ఇలా అనుకుంటున్నా" అని ధైర్యంగా అనడం ఇంట్లోనే అలవాటవ్వాలి.

నీట్ పీజీలో కూడా కేసు ఇచ్చి అడిగే ప్రశ్నలు బాగానే ఉంటాయి కాబట్టి ఈ కష్టం ఎక్కడికీ పోదు. కోచింగ్ సంగతి ఫైనల్ ఇయర్‌లో మాట్లాడుకుందాం, అప్పటిదాకా వార్డు పోస్టింగ్ ఒక్కటి కూడా ఎగ్గొట్టకుండా చూడండి. నెల రోజులయ్యాక ఆ నోట్‌బుక్ పట్టుకుని బాబుని ఒకసారి నాతో మాట్లాడమనండి.