నిరీక్షణ అంటే ఎదురుచూపేనా?

సందేహం: మా నాన్నగారు చనిపోయాక కుటుంబాన్ని ఓదార్చడానికి జరిపే ఆదరణ కూడికకు వేయించిన కరపత్రంలో ‘పరలోక నిరీక్షణతో ప్రభువునందు నిద్రించారు’ అని రాశాం. మా వీధిలోనే ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు అది చూసి, ‘నిరీక్షణ అంటే ఎదురుచూపే కదా, ఆశ అంటే సరిపోయేది’ అన్నారు. ఎప్పుడూ పరలోకం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈ లోకంలో పనుల మీద ధ్యాస ఉంటుందా అని కూడా అడిగారు. బంధువుల్లో కొందరేమో ‘స్వర్గస్తులయ్యారు’ అని రాస్తే అందరికీ అర్థమయ్యేది అంటున్నారు. ఏది సరి? (ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం)

సమాధానం: మీరు వేయించిన వాక్యం సరైనదే, మార్చనక్కర్లేదు. మాస్టారు చెప్పిన అర్థమూ తప్పు కాదు. ఒకే మాట రెండు వాడుకల్లో రెండు అర్థాలతో స్థిరపడింది. ఎక్కడ ఏ అర్థమో పక్కనున్న విభక్తి, క్రియ చెబుతాయి.

పత్రికల్లో ‘డీఎస్సీ ఫలితాల కోసం నిరీక్షణ’, ‘బస్సు కోసం నిరీక్షణ’ అని చదువుతుంటాం. అక్కడ ‘కోసం’ ఉంటుంది, అర్థం ఎదురుచూపే. వస్తుందో రాదో తెలియదు. బైబిల్ తెలుగులో ఇదే మాట ‘యందు’తో, ‘ఉంచు’, ‘కలిగియుండు’ వంటి క్రియలతో వస్తుంది. ‘దేవునియందు నిరీక్షణ యుంచుము’ అంటుంది 42వ కీర్తన. నమ్మకం కూడా అలాగే ఒకరియందు ‘ఉంచేది’. అంటే ఇక్కడ నిరీక్షణ ఎదురుచూపుకన్నా నమ్మకానికి దగ్గర చుట్టం. క్రియగా వాడినప్పుడు ‘దానికొరకు నిరీక్షించు’ అని బైబిల్లోనూ కనిపిస్తుంది (రోమా 8:24). నామవాచకం దగ్గర మాత్రం తేడా స్పష్టం. కొలొస్సయులకు రాసిన పత్రిక (బైబిల్లో పత్రిక అంటే ఉత్తరం) మొదటి అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు ఇంకో అడుగు ముందుకేసి, నిరీక్షణ పరలోకంలో ‘ఉంచబడింది’ అంటాడు. అక్కడ ఆ మాటకు అర్థం ఎదురుచూడటం అనే పని కాదు, మన పేరున భద్రంగా దాచి ఉంచిన ఆస్తి.

‘ఆశ’ ఎందుకు కుదరదంటే, తెలుగులో ఆశ పైకీ లాగుతుంది, కిందికీ లాగుతుంది. ఆశపోతు, అత్యాశ, ఆశాభంగం అన్నీ ఆ కుదుటిలోవే. బైబిల్లో పాపాన్ని కనేది కూడా ‘దురాశ’యే (యాకోబు 1:15). రోమా 5:5లో నిరీక్షణ మనలను సిగ్గుపరచదని ఉంది. ‘ఆశ సిగ్గుపరచదు’ అని తెలుగువాడితో అంటే ఒప్పుకుంటాడా? హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం నిరీక్షణను ఆత్మకు లంగరు అంటుంది. బెర్తు దొరికేదాకా సముద్రంలో నిలిచిన ఓడలను బీచ్ రోడ్డు నుంచి రోజూ చూసే విశాఖవాసులకు దీన్ని విడమరచనక్కర్లేదు. లంగరు నీటి అడుగున ఉంటుంది, కంటికి కనిపించదు. పైన గాలి మారితే ఓడ తిరుగుతుంది కానీ చోటు వదలదు. లోపల కాపలా డ్యూటీ, ఇంజను పని ఆగవు.

ఈ పదజాలం తెలుగులో కుదురుకోవడానికి పడిన తొలి అడుగుల్లో మీ ఊరికీ వాటా ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్, వారికి తోడైన ఆనందరాయర్ సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ దొరలిద్దరూ కన్నుమూశారు.

ఇక మాస్టారి రెండో ప్రశ్న. దీనికి నా జవాబు: పరలోకం మీద గురి నిజంగా ఉన్నచోట పని పెరుగుతుంది. అపొస్తలుల కార్యములు 1:11 చూడండి. యేసు ఆరోహణమయ్యాక శిష్యులు పైకి చూస్తూ నిలబడిపోతే, ‘మీరెందుకు నిలిచి ఆకాశమువైపు చూచుచున్నారు?’ అన్న ప్రశ్న వినబడుతుంది. ఆ వెంటనే, అదే వచనంలో, ఆయన ‘పరలోకమునకు’ చేర్చుకోబడ్డాడని ఉంది. మూలంలో రెండు చోట్లా ఒకే గ్రీకు మాట. తెలుగు చేసినవారు కళ్లు చూసేదాన్ని ఆకాశమనీ, ప్రభువు చేరినదాన్ని పరలోకమనీ విడదీశారు. ఈ ఒక్క వచనంలో వారి తెలుగు చెవికి నేను దండం పెడతాను. శిష్యులు ఆకాశం చూడటం మాని ఊళ్లోకి తిరిగి వెళ్లారు, పని అక్కడే ఉంది కనుక.

కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం ‘పైనున్న వాటిమీద’ మనసు పెట్టమంటుంది. అదే అధ్యాయం కిందికి వెళ్తే అబద్ధాలాడవద్దనీ, పిల్లలకు కోపం పుట్టించవద్దనీ, ఏ పనైనా ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమనీ చెబుతుంది. నాలుగో అధ్యాయం మొదటి మాటే యజమానులకు: పరలోకంలో మీకూ ఒక యజమానుడున్నాడు, పనివారికి న్యాయంగా ఇవ్వండి అని. ఇంటి పనిమనిషి చేతిలో ఒకటో తారీఖున పూర్తి జీతం పెట్టడం, జ్వరమొచ్చి మానేసిన రెండు రోజులకు కోత పెట్టకపోవడం, స్టీల్ ప్లాంటులో పైవాడు చూడని రాత్రి షిఫ్టులోనూ అంతే శ్రద్ధగా పనిచేయడం: పరలోక నిరీక్షణ ఇంటిలో, కొలువులో ఇలా కనిపించాలి. పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని రాసినవాడూ (2 థెస్స 3:10), ప్రభువు రాకడ గురించి రాసినవాడూ ఒక్క పౌలే.

ఆదరణ కూడికల్లో తరచూ జరిగే ఒక పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి. ‘నిరీక్షణ లేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అన్న వచనం (1 థెస్స 4:13) చదివి, ఏడుస్తున్న భార్యనో తల్లినో ‘విశ్వాసులు ఏడవకూడదమ్మా’ అని మందలిస్తారు. వాక్యాన్ని సరిగా అన్వయించుకోకపోవడం వల్ల వచ్చిన తప్పు ఇది. నిషేధం ‘దుఃఖపడటం’ మీద లేదు, ‘ఇతరులవలె’ మీద ఉంది. ‘దొంగలా రాకు’ అంటే రావద్దని కాదు కదా. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ‘యేసు కన్నీళ్లు విడిచెను’ (యోహాను 11:35). కాసేపట్లో అతణ్ని లేపబోతూ కూడా ఏడ్చాడు. ఆదరించడానికి వెళ్లినవారు ఆమెను ఏడవనివ్వాలి, పక్కన కూర్చోవాలి, భూస్థాపన అయ్యాక వారం పది రోజులు ఆ ఇంటికి అన్నం పంపాలి.

‘నిద్రించారు’ కూడా ఆ వచనంలోదే. నిద్రించినవారు లేస్తారన్న నమ్మకం ఆ క్రియలోనే ఉంది. నవంబరు 2న సమాధుల పండుగకు సమాధుల తోటకు వెళ్లి, సున్నం వేసి, పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించేది ఆ నమ్మకంతోనే.

‘స్వర్గస్తులు’ అసలు తప్పు రూపం. స్వర్గంలో ఉన్నవారు అన్న అర్థంలో ‘స్వర్గస్థులు’ అనాలి, థకారం ఉండాలి. భగవద్గీత తొమ్మిదో అధ్యాయం ప్రకారం పుణ్యం క్షీణించాక స్వర్గం నుంచి తిరిగి మర్త్యలోకానికి రావాలి. క్రైస్తవుల పరలోకంలో తిరుగుప్రయాణం లేదు. కాబట్టి మీ కరపత్రంలో ఆ మాట వద్దు. అయితే ఇరుగుపొరుగువారు గౌరవంగా అలా అంటే తప్పు పట్టకండి. ‘ఆత్మకు శాంతి కలగాలి’ అన్నదీ అంతే. చనిపోయినవారి కోసం ప్రార్థించే కేథలిక్కులకు అది సహజం. ప్రొటెస్టెంట్ కుటుంబాలు ‘కుటుంబానికి ఆదరణ కలగాలి’ అని రాయడం వాడుక.

జ్ఞాపకార్థ కూడికకు మళ్లీ కరపత్రం వేయిస్తారు కనుక ప్రూఫులో ఇవి చూసుకోండి. ‘నిరీక్షణ’లో రీకి దీర్ఘం, చివర ణ. ‘భూస్తాపన’ కాదు, భూస్థాపన. ‘నిద్రించిరి’ అని మొదలుపెట్టి కింది వరుసలో ‘రండి’ అని రాస్తే గ్రాంథికం, వ్యావహారికం కలిసిపోతాయి. వచనాన్ని ఉన్నదున్నట్టు గ్రాంథికంలో ఉంచి, మీ సొంత వాక్యాలన్నీ వ్యావహారికంలో రాయండి.